మోకాళ్లకు కష్టం, నడుముకు సుఖం: పెద్ద సెడాన్ ఎందుకంత కిందికి ఉంటుంది?

మా బావ దగ్గర ఓ పెద్ద జపాన్ సెడాన్ ఉంది. అందులో ఎక్కడానికి మా అత్తయ్యకు ఒక పద్ధతుంది. ముందు డోరు బార్లా తీసి పట్టుకోమంటుంది. వీపు కారు వైపు తిప్పి, ఒక చెయ్యి డోరు మీద, రెండో చెయ్యి సీటు మీద ఆనించి మెల్లగా వంగుతుంది. ఆఖరి నాలుగు అంగుళాలు మాత్రం మోకాళ్లు ఆపలేవు, ఒక్కసారిగా సీట్లో పడిపోతుంది. ఊపిరి తీసుకుని, ఒక్కో కాలూ చేత్తో ఎత్తి లోపల పెట్టుకుంటుంది. ‘‘ఇంత డబ్బు పోసి నేల మీద కూర్చోబెట్టే బండి కొన్నావేంట్రా’’ అని కొడుకుని ప్రతిసారీ అడుగుతుంది.

పోయిన వేసవిలో విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్తూ సూర్యాపేట దగ్గర టీకి ఆగాం. అంతకుముందు ఇదే దారిలో ఎత్తు బండిలో వెళ్లినప్పుడు కోదాడ రాకముందే అత్తయ్యకు నడుం పట్టేసింది, సీటు వెనక దిండు పెట్టాల్సి వచ్చింది. ఈసారి దిండు మాటే ఎత్తలేదు. దిగాక రెండడుగులు వేసి, ‘‘ఇవాళ నడుం ఏమనలేదురా అల్లుడూ’’ అంది నాతో.

ఎక్కేటప్పుడు మోకాళ్లను ఏడిపించిన ఆ కింది సీటే, రోడ్డెక్కాక నడుముని కాపాడింది. కార్ల గురించి రాసేటప్పుడు డిజైన్‌కి ఒక పేరా, పికప్‌కి ఒక పేరా, సౌకర్యానికి ఇంకో పేరా కేటాయించడం మనకు అలవాటు. నిజానికి మంచి సెడాన్‌లో ఆ మూడూ ఒకే తాడుకి ఉన్న మూడు పేటలు. బరువు నేలకి ఎంత దగ్గరగా ఉందన్నది తెలిస్తే ఆ తాడు ముడి చాలావరకు విడిపోతుంది.

ఉదాహరణకి టొయోటా క్యామ్రీని తీసుకుంటాను, ఎందుకంటే ఈ తరగతికి అది కొలబద్ద లాంటిది. 1980లో సెలికా క్యామ్రీ పేరుతో మొదలైంది. 1982లో ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారుగా సొంత పేరుతో వచ్చింది. జపాన్ భాషలో కిరీటాన్ని ‘కన్మురి’ అంటారు, ఆ మాట నుంచి పుట్టిందే క్యామ్రీ. క్రౌన్, కరోనా, కరోలా అని టొయోటా పెట్టుకున్న పాత పేర్లలో కూడా ఏదో ఒక రూపంలో కిరీటమే ఉంది. 1988 నుంచి అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, జార్జ్‌టౌన్‌లో తయారవుతోంది. చదువుకోసం అమెరికా వెళ్లిన మన పిల్లల్లో చాలామందికి మొదటి కారు సెకండ్ హ్యాండ్ క్యామ్రీయో, హోండా అకార్డో, కరోలానో అయి ఉంటుంది. పుట్టిన జపాన్‌లో సెడాన్లు కొనేవాళ్లు తగ్గిపోయి 2023 చివర్లో అక్కడ దాని అమ్మకం ఆపేశారు. మన దేశానికి మాత్రం 2024 డిసెంబర్‌లో కొత్త తరం క్యామ్రీ వచ్చింది, కర్ణాటకలోని బిడది ఫ్యాక్టరీలో కూరుస్తున్నారు.

మిడ్-సైజ్ అనే మాట దగ్గర మనకో గందరగోళం ఉంది. మన షోరూముల్లో మిడ్-సైజ్ సెడాన్ అంటే హోండా సిటీ లాంటి కారు. దాని పొడవు సుమారు 4.6 మీటర్లు, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2600 మి.మీ. అమెరికాలో మిడ్-సైజ్ అంటే క్యామ్రీ, అకార్డ్. క్యామ్రీ పొడవు 4920 మి.మీ., చక్రాల మధ్య దూరం 2825 మి.మీ. అక్కడ మధ్యతరగతి కుటుంబం రోజూ ఆఫీసుకి నడుపుకుంటూ వెళ్లే కారు, ఇక్కడ వెనక సీట్లో యజమాని కూర్చునే కారు. ఈ తేడా తర్వాత పనికొస్తుంది.

గడ్డి బండి పాఠం

వరిగడ్డి ఎత్తుగా పేర్చిన ట్రాక్టర్ ట్రక్కు మలుపు తిరగడం చూసే ఉంటారు. డ్రైవర్ ఎంత జాగ్రత్తగా తిప్పినా పైన గడ్డంతా ఒక పక్కకి ఒరుగుతుంది, చూసేవాళ్లకి టెన్షన్. అదే ట్రక్కులో అంతే బరువున్న ఇసుక పోస్తే అంతగా ఒరగదు. బరువు అంతే, అది కూర్చున్న ఎత్తు వేరు. స్కూల్లో గరిమనాభి అని చదువుకున్నది ఇదే. మలుపులో బయటికి నెట్టే బలం ఆ నాభి దగ్గర పనిచేస్తుంది, నేల నుంచి అది ఎంత పైన ఉంటే బండిని ఒరిగించే పట్టు అంత పెరుగుతుంది.

క్యామ్రీ ఎత్తు 1455 మి.మీ. అదే కంపెనీ ఫార్చ్యూనర్ ఎత్తు 1835 మి.మీ. దాదాపు మూరెడు తేడా. ఎత్తు బండి మలుపుల్లో ఒరగకుండా ఉండాలంటే ఇంజినీరుకి రెండు దారులున్నాయి. స్ప్రింగులు గట్టివి వెయ్యాలి, లేదా ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలిపే ఉక్కు కడ్డీని లావుగా చెయ్యాలి. స్ప్రింగు గట్టిపడితే ప్రతి గతుకూ వెన్నుపూసకి నేరుగా చేరుతుంది. కడ్డీ లావెక్కితే ఇంకో చిక్కు వస్తుంది. ఎడమ చక్రం గుంతలో పడితే ఆ కడ్డీ కుడి పక్కని కూడా లాగుతుంది, అప్పుడు మన తలలు అటూ ఇటూ ఊగుతాయి. బండి ఊపేస్తోందని మనం అనేది చాలాసార్లు దీన్నే. అత్తయ్య నడుం పట్టేసిందీ ఈ పక్కవాటు ఊపులకేనని నా నమ్మకం. పైకీ కిందికీ కదిలితే సీటు స్పాంజి కొంత మింగుతుంది. పక్కకి ఊగితే మాత్రం ప్రతిసారీ నడుం కండరాలే బిగుసుకుని ఒంటిని నిలబెట్టుకోవాలి. మూడు గంటలపాటు తెలియకుండానే ఆ కసరత్తు చేస్తూ ఉంటాం.

బరువు కిందుంటే ఈ తిప్పలు చాలావరకు తగ్గుతాయి. మెత్తటి స్ప్రింగులు వేసినా మలుపుల్లో కారు పడవలా ఒరగదు. అంటే సెడాన్‌లో కిందికి కూర్చోబెట్టడం అందం కోసం మాత్రమే కాదు, మెత్తదనాన్ని కొనుక్కోవడానికి ఇంజినీరు చెల్లించే ధర అది. ఆ ధరలో కొంత భాగాన్ని మా అత్తయ్య మోకాళ్లు కడుతున్నాయి.

2017లో టొయోటా క్యామ్రీని కొత్త పునాది మీద మళ్లీ కట్టినప్పుడు చేసిందంతా ఈ దిశలోనే. ఇంజిన్‌ని కిందికి దించారు. దాంతో బానెట్ దిగింది, డ్రైవర్‌కి ముందు రోడ్డు బాగా కనిపించసాగింది. కనిపిస్తోంది కాబట్టి సీటుని ఇంకా కిందికి దించగలిగారు. సీటు దిగింది కాబట్టి పైకప్పు దించినా తలకి చోటు మిగిలింది. ఒక ఇటుక తీస్తే వరసంతా సర్దుకున్నట్టు. అంతకుముందు హైబ్రిడ్ క్యామ్రీలో, అంటే పెట్రోలు ఇంజిన్‌కి తోడు కరెంటు మోటారు కూడా ఉండే రకంలో, బ్యాటరీ వెనక సీటు వీపు వెనక, డిక్కీలో కూర్చునేది. సూట్‌కేసుల చోటు అదే తినేసేది. కొత్తదాంట్లో దాన్ని వెనక సీటు కిందికి చేర్చారు. డిక్కీ ఖాళీ అయింది, అంత బరువూ నేలకి దగ్గరైంది. ఒకే నిర్ణయంతో రెండు పనులు జరిగాయి. ఈ బండిలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఇంజినీరింగ్ ఇదే, బ్రోచర్‌లో మాత్రం దీనికి ఒక్క ఫొటో కూడా ఉండదు.

ఉయ్యాల లెక్క

మెత్తటి స్ప్రింగు అంటే ఎంత మెత్తన? దీనికో లెక్కుంది. హాయిగా ఉండే కారు గతుకు తగిలాక సెకనుకి ఒకసారి, మహా అయితే ఒకటిన్నరసార్లు పైకీ కిందికీ ఊగేలా చూస్తారు. మనిషి నడకకి, ఉయ్యాలకి దగ్గరగా ఉండే లయ అది, ఒంటికి అలవాటైనది. సెకనుకి నాలుగు నుంచి ఎనిమిదిసార్ల మధ్య వచ్చే అదురు మాత్రం మనిషి శరీరానికి అస్సలు పడదు. కడుపు, వెన్ను ఆ అదురుకి తోడై తామూ అదురుతాయి. మెత్తటి స్ప్రింగు, దాని ఊపుని త్వరగా అణిచే మంచి షాక్ అబ్జార్బర్, ఈ రెండూ ఆ చెడ్డ అదురుని సీటుదాకా రానివ్వకుండా ఆపడానికే.

చక్రాల మధ్య 2825 మి.మీ. దూరం ఇక్కడ పనికొస్తుంది. గంటకి 60 కి.మీ. వేగంతో వెళ్తుంటే ముందు చక్రం గతుకు దాటిన 0.17 సెకన్లకి వెనక చక్రం అదే గతుకుని తాకుతుంది. ముందు భాగం పైకి లేచి దిగుతుండగా వెనక భాగం లేస్తే, కారు ముందుకీ వెనక్కీ తూగుతుంది. కడుపులో తిప్పేది ఈ తూగే. 1930ల్లో అమెరికాలో క్యాడిలాక్ కార్ల మీద పనిచేసిన మారిస్ ఆలీ అనే ఇంజినీరు దీనికి చక్కటి ఉపాయం చెప్పాడు. వెనక స్ప్రింగుల్ని ముందువాటికన్నా కాస్త వేగంగా ఊగేలా పెట్టమన్నాడు. ఆలస్యంగా మొదలైన వెనక భాగం వేగంగా ఊగి ముందు భాగాన్ని అందుకుంటుంది, అక్కణ్నుంచి రెండూ కలిసి లేస్తాయి, కలిసి దిగుతాయి. తూగు కాస్తా ఊగుగా మారిపోతుంది. ఇప్పటికీ కార్ల సస్పెన్షన్ లెక్కల్లో ఈ సూత్రం బతికే ఉంది.

క్యామ్రీ వెనక సస్పెన్షన్‌ని కూడా 2017లోనే మార్చారు. అంతకుముందున్న సాదా స్ట్రట్ బదులు ఒక్కో చక్రాన్ని పైన కొన్ని, కింద కొన్ని లోహపు చేతులు పట్టుకునే ఏర్పాటు పెట్టారు. స్ట్రట్ అంటే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్, చక్రాన్ని నిలబెట్టే కంబం మూడూ ఒకటే. పక్కనుంచి బలం పడితే అది కొంచెం బిగుసుకుంటుంది, చిన్న చిన్న గతుకులు అప్పుడు నేరుగా పైకొస్తాయి. చక్రాన్ని నిలబెట్టే పని వేరే చేతులకి అప్పజెబితే, స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ తమ పని తాము స్వేచ్ఛగా చేసుకుంటాయి.

ఇంత చేసి టైరు దగ్గర పాడుచేసుకోవడం చాలా సులువు. టైరు పక్కన 235/45 ఆర్18 అని రాసి ఉంటే, వెడల్పు 235 మి.మీ., రిమ్ము నుంచి నేల వరకు ఉండే రబ్బరు గోడ ఎత్తు అందులో 45 శాతం, అంటే 106 మి.మీ. అని అర్థం. అదే 205/65 ఆర్16 అయితే గోడ 133 మి.మీ. 27 మి.మీ. గాలి పరుపు తేడా. అమెరికాలో క్యామ్రీ చవక రకానికి 16 అంగుళాల చక్రాలు వస్తాయి, ఖరీదైనదానికి 19 అంగుళాలవి. ఫొటోలో పెద్ద చక్రం అందంగా ఉంటుంది, కాదనను. కానీ మన గుంతల మీద, ముఖ్యంగా వెనక సీట్లో పెద్దవాళ్లుంటే, చిన్న రిమ్ములున్న రకమే హాయి. షోరూంలో టాప్ మోడల్ తీసుకోమని ఎంత ఒత్తిడి పెట్టినా, టైరు మీద ఆ అంకెలు వంగి చదవండి.

గాలి గురించి కొంచెం చెప్పి ముందుకెళ్తాను. వేగం 80 నుంచి 100కి పెరిగితే గాలి అడ్డగింపు 56 శాతం పెరుగుతుంది, దాన్ని చీల్చుకెళ్లడానికి కావలసిన శక్తి దాదాపు రెట్టింపవుతుంది. పొట్టిగా ఉండి, వెనక కప్పు వాలుగా దిగి, డిక్కీ అంచు దగ్గర గాలిని శుభ్రంగా వదిలేసే ఆకారం హైవే మీద పెట్రోలునీ మిగులుస్తుంది, కిటికీల దగ్గర హోరునీ తగ్గిస్తుంది. కొత్త క్యామ్రీకి సుత్తితల సొరచేపని తలపించే ముఖం పెట్టారు, దాన్ని కంపెనీ హ్యామర్‌హెడ్ అంటోంది. చాలామంది మాట్లాడేది ఆ ముఖం గురించే. నాకు మాత్రం ఆ కప్పు గీత అందంగా కనిపిస్తుంది, ఎందుకంటే అది ఒక పని చేస్తోంది.

కావడి మోసే ఇంజిన్

ఇక అందరికీ అర్థంకాని భాగానికి వద్దాం. క్యామ్రీ హైబ్రిడ్‌లో క్లచ్ లేదు, మన అర్థంలో గేర్లు లేవు, రివర్స్ గేరు కూడా లేదు. స్పెసిఫికేషన్‌లో ఈ-సీవీటీ అని రాస్తారు. దాంతో మామూలు సీవీటీలో (గేర్ల మెట్లు లేని ఆటోమేటిక్‌లో) లాగా బెల్టూ పుల్లీలూ ఉంటాయనుకుని, అవి అరిగిపోతాయని భయపడతారు. ఇందులో బెల్టు లేదు. సూర్యుడి చుట్టూ గ్రహాలు తిరిగినట్టు, నడిమి పళ్లచక్రం చుట్టూ చిన్న చక్రాలు, వాటి చుట్టూ ఒక పెద్ద పళ్ల వలయం, అంతే.

ఒక కావడి ఊహించుకోండి. మధ్యలో బద్దని మోసే భుజం, రెండు చివర్లా రెండు కుండలు. భుజం స్థానంలో ఇంజిన్ ఉంది. ఒక చివర చక్రాలు, రెండో చివర జనరేటర్. ఇంజిన్ బద్ద మధ్యలో పైకి నెడుతుంది. జనరేటర్ చివరని ఎవరూ పట్టుకోకపోతే ఆ చివర ఊరికే పైకి లేస్తుంది, చక్రాల చివర కదలదు. అంటే కారు సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నా ఇంజిన్ తిరగగలదు. జనరేటర్‌తో కరెంటు తీయడం మొదలుపెడితే అది బరువెక్కి బద్దకి ఆ చివరని ఆపుతుంది, అప్పుడు నెట్టుడు బలం చక్రాల చివరకి వెళ్తుంది. జనరేటర్ తీసిన కరెంటు వృథా పోదు. చక్రాల వైపే ఉన్న రెండో పెద్ద మోటారుకి వెళ్లి మళ్లీ కారునే ముందుకు నెడుతుంది. జనరేటర్‌ని ఎంత పట్టాలో, ఎంత వదలాలో కంప్యూటర్ క్షణక్షణం నిర్ణయిస్తుంది. గేర్లు మార్చడం బదులు జరిగేది ఇదే.

దీని వల్ల ఇంజిన్ వేగానికీ కారు వేగానికీ ముడి తెగిపోయింది. చక్రాలు ఏ వేగంలో తిరుగుతున్నా ఇంజిన్ తనకి అనుకూలమైన వేగంలోనే తిరగొచ్చు. ఆ వెసులుబాటుని నమ్ముకునే ఇంజిన్‌ని కూడా వేరుగా తయారుచేశారు. 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో గాలి లోపలికి వచ్చే వాల్వుని కాస్త ఆలస్యంగా మూస్తారు. పీల్చిన గాలిలో కొంత వెనక్కి పోతుంది, నొక్కే దూరం తగ్గుతుంది. మండాక వ్యాకోచించే దూరం మాత్రం పూర్తిగా ఉంటుంది. ఒక్కో పేలుడు నుంచి ఆఖరి బొట్టు శక్తిని కూడా పిండుకుంటుందన్న మాట. దీన్నే అట్కిన్‌సన్ పద్ధతి అంటారు. ఈ ఇంజిన్ అత్యుత్తమ స్థితిలో పెట్రోలులోని శక్తిలో 41 శాతాన్ని పనిగా మారుస్తుందని టొయోటా ప్రకటించింది, పెట్రోలు ఇంజిన్లలో అది పెద్ద అంకె. ఇలాంటి ఇంజిన్‌కి ఆగి ఉన్న బండిని కదిలించే బలం తక్కువ. మోటారుకి సరిగ్గా ఆ బలమే ఎక్కువ. ఒకరి లోపం ఇంకొకరు పూడుస్తారు. రెండూ కలిసి మన దేశంలో అమ్మే క్యామ్రీలో 230 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) శక్తి ఇస్తాయి.

హాయికీ దీనికీ ఏమిటి సంబంధం? చాలా ఉంది. గేరు మారేటప్పుడు వచ్చే చిన్న కుదుపు ఇందులో లేదు. కదిలేటప్పుడు మోటారు మెల్లగా లాగుతుంది కాబట్టి వెనక సీట్లో తల వెనక్కి వాలదు. ఏసీ కంప్రెసర్‌ని నడిపేది బెల్టు కాదు, బ్యాటరీ. అందుకే మే నెల మధ్యాహ్నం అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోయినా ఏసీ ఆగదు. వెనక్కి వెళ్లాలంటే మోటారు వెనక్కి తిరుగుతుంది, అంతే. బ్రేకు తొక్కితే ముందు మోటారే జనరేటర్‌గా మారి వేగాన్ని తగ్గిస్తూ కరెంటు దాచుకుంటుంది, ఇంకా గట్టిగా తొక్కితే బ్రేకు ప్యాడ్లు రంగంలోకి దిగుతాయి. ప్యాడ్లకి పని తక్కువ కాబట్టి అవి ఎక్కువకాలం వస్తాయి.

ఒక ఫిర్యాదు మాత్రం న్యాయమైనదే. ఓవర్‌టేక్ కోసం యాక్సిలరేటర్ అదిమితే ఇంజిన్ ఒక్కసారిగా పై వేగానికి వెళ్లి అక్కడే గీ అని అరుస్తూ ఉంటుంది, స్పీడోమీటర్ మాత్రం తన తీరున ఎక్కుతుంది. బండి నిజంగా వేగం అందుకుంటున్నా చెవి నమ్మదు. పాతికేళ్లు గేర్లు మార్చిన చెవికి శబ్దమూ వేగమూ కలిసి పెరగాలి. హోండా తన హైబ్రిడ్లలో దీన్ని వేరే రకంగా ఎదుర్కొంది. అకార్డ్‌లో, మన సిటీ హైబ్రిడ్‌లో ఈ కావడి లేదు. ఊళ్లో తిరిగేటప్పుడు ఇంజిన్ పని ఎక్కువగా కరెంటు తీయడమే, చక్రాల్ని తిప్పేది మోటారు. హైవే మీద నిలకడగా పోతున్నప్పుడు ఒక క్లచ్ పడి ఇంజిన్ నేరుగా చక్రాలకి కలుస్తుంది. గట్టిగా అదిమినప్పుడు ఇంజిన్ శబ్దం మెట్లుమెట్లుగా ఎక్కేలా ప్రోగ్రామ్ చేశారు, గేర్లు మారుతున్నట్టే అనిపిస్తుంది. తెలివైన పద్ధతి. మాజ్దా ఇంకో దారి పట్టి, మాజ్దా6లో సీవీటీ జోలికే పోకుండా ఆరు గేర్ల ఆటోమేటిక్‌నే నమ్ముకుంది. నడిపేవాడి చేతికి, కాలికి కారు ఒక అవయవంలా అనిపించాలన్నది వాళ్ల పట్టుదల. స్టీరింగ్ పట్టుకునేవాడిగా నాకు ఆ పట్టుదల అంటే గౌరవం ఉంది. వెనక సీట్లో కూర్చునే అత్తయ్యకి మాత్రం టొయోటా దారే మేలు.

మైలేజీ అంకెలు చదివేటప్పుడు కాస్త జాగ్రత్త. మన పరీక్షలో ఈ క్యామ్రీకి లీటరుకి 25.49 కి.మీ. వచ్చింది. అమెరికా ప్రభుత్వ లెక్కలో అక్కడి పొదుపైన రకం గ్యాలనుకి 51 మైళ్లు ఇస్తుంది, మన లెక్కలో చెప్పాలంటే లీటరుకి సుమారు 21.7 కి.మీ. రెండు దేశాల పరీక్షా పద్ధతులు వేరు, చక్రాలూ సరంజామా కూడా వేరు. ఇల్లు దాటాక మనకొచ్చేది అమెరికా అంకెకి దగ్గరగా ఉంటుందనుకోవడం క్షేమం. నిలకడగా నూరు మీద హైవేలో పోతే హైబ్రిడ్ లాభం తగ్గుతుంది, ఎందుకంటే బ్రేకు తొక్కితేనే కదా కరెంటు దాచుకునేది. ట్రాఫిక్‌లోనే దాని సత్తా అంతా.

ముందు సీటు, వెనక సీటు

అమెరికాలో ఈ కారు కొనేవాడు స్టీరింగ్ ముందు కూర్చుంటాడు. మన దగ్గర కొనేవాడు చాలాసార్లు వెనక కూర్చుంటాడు. అందుకే మనకిచ్చే క్యామ్రీలో వెనక సీటు వీపు కరెంటుతో వాలుతుంది, మధ్యలో చెయ్యి ఆనించే చోటే దాని మీటలు ఉంటాయి. అయినా ఒక సంగతి ఏ మీటా మార్చలేదు. ముందు సీటు కారు నడిమికి దగ్గర, వెనక సీటు వెనక చక్రాలకి దగ్గర. ఉయ్యాలబల్ల మీద మధ్యలో కూర్చున్నవాడు తక్కువ ఊగుతాడు, చివర కూర్చున్నవాడు ఎక్కువ ఊగుతాడు. చక్రాల మధ్య దూరం పెంచడం, వెనక సస్పెన్షన్ మార్చడం వల్ల ఆ తేడా తగ్గింది, పోలేదు. నడుం నొప్పి ఉన్న పెద్దవాళ్లని గౌరవం కొద్దీ వెనక కూర్చోబెడతాం. సీటు సరిగ్గా సర్దితే ముందు ఎడమ సీటే వాళ్లకి ఎక్కువ హాయి.

నిశ్శబ్దం కూడా చిత్రమైనది. ఇంజిన్ ఆగి కారు మోటారు మీద పోతున్నప్పుడు, అప్పటిదాకా ఇంజిన్ చప్పుడు కింద దాగిన టైర్ల రొద బయటపడుతుంది. సిమెంట్ రోడ్డెక్కగానే ఎవరో కింద చాప లాగుతున్నట్టు సర్రుమనే శబ్దం. తారు రోడ్డు రాగానే మాయం. ఇది కారులో లోపమేమీ కాదు. అరిగిన టైర్లు మార్చేటప్పుడు చవకవి వేస్తే మాత్రం ఈ రొద రెట్టింపై, లక్షలు పోసి కొన్న నిశ్శబ్దం పోతుంది.

కిందికి ఉండటంలో ఉన్న కష్టాలు కూడా దాచకుండా చెప్పాలి. కాలనీలో కొలతా లెక్కా లేకుండా పోసే స్పీడ్ బ్రేకర్లు ఈ కార్లకి శత్రువులు. చక్రాల మధ్య దూరం ఎక్కువ, పొట్ట కిందికి. ముందు చక్రాలు దాటేశాక గుట్ట సరిగ్గా పొట్ట కిందికి వస్తుంది. వెనక ముగ్గురు కూర్చుని డిక్కీలో మామిడికాయల బుట్టలు కూడా ఉంటే గీసుకోవడం ఖాయం. వంకరగా, ఒక్కో చక్రమే ఎక్కిస్తూ నడిపితే చాలావాటి మీద గట్టెక్కొచ్చు. వానాకాలం నీళ్లు నిలిచిన రోడ్డు మీద ఎత్తు బండికున్న ధైర్యం దీనికి లేదు. పల్లెటూరి మట్టిదారిలో రోజూ తిరిగేవాళ్లకి నేనీ కారు చెప్పను.

ధర ఇంకో పెద్ద అడ్డు. 2024 డిసెంబర్‌లో వచ్చినప్పుడు ఎక్స్‌షోరూం ధర 48 లక్షలు. అప్పట్లో ఈ సైజు హైబ్రిడ్ మీద జీఎస్టీ, సెస్ కలిపి 43 శాతం. 2025 సెప్టెంబర్ 22 నుంచి సెస్ తీసేసి 40 శాతం చేశారు. విడిభాగాలు బయటినుంచి తెచ్చి ఇక్కడ కూర్చడం వల్ల పడే సుంకం వేరు. అందువల్ల అమెరికాలో మామూలు ఉద్యోగి కారు మన దగ్గర కోటీశ్వరుడి కారైంది. నాకిది బాధగానే ఉంటుంది. ఇందులో ఉన్న మంచిలో సగం, అంటే కింది బరువు, సరిపడా రబ్బరు గోడ, తగిన స్ప్రింగు, ఖరీదైన సామగ్రి అడగవు. సిటీ లాంటి చిన్న సెడాన్లలో కూడా అవి దొరుకుతాయి. మనమే ఎత్తు బండ్ల వైపు పరిగెత్తి, సెడాన్లని ఒక్కొక్కటిగా షోరూముల్లోంచి పంపించేస్తున్నాం.

ఏ సెడాన్ కొనాలనుకున్నా టెస్ట్ డ్రైవ్‌కి ఇంట్లో పెద్దవాళ్లని తీసుకెళ్లండి. వాళ్లు ఎలా ఎక్కుతున్నారో, ఎలా దిగుతున్నారో చూడండి, ఎక్కడానికన్నా దిగడమే కష్టం. షోరూం ముందున్న నున్నటి రోడ్డు మీద కాకుండా, ఒక పక్క గుంతలున్న వీధిలో నలభై వేగంతో నడపమని మీరు వెనక కూర్చోండి. తల పక్కకి ఎంత ఊగుతోందో గమనించండి. ఆ తర్వాత ఎత్తు బండిలో అదే వీధిలో అదే వేగంతో వెళ్లండి. మా అత్తయ్యకి ఇప్పుడు బావ తలుపు పైన పట్టుకునే పిడికి ఒక గుడ్డ పట్టీ కట్టాడు, సీటు మీద కాలు తేలిగ్గా తిరిగేలా జారే గుడ్డ ఒకటి పరిచాడు. పడిపోయే ఆ ఆఖరి నాలుగు అంగుళాలూ ఇప్పుడు రెండయ్యాయి.